ఈదీ పైసలతో కొన్న ఖైదీ

రంజాన్ ఈద్ వెళ్లిన మర్నాడు పిల్లల జేబుల్లో ఈదీ పైసలు గలగలలాడుతుంటాయి. కొందరు బొమ్మలు కొంటారు, కొందరు ఐస్‌క్రీమ్‌కి తగలేస్తారు. ఇంకొందరు ఫైటర్ చేపను తెస్తారు. గుండ్రటి గాజు గిన్నె, అడుగున గుప్పెడు రంగురాళ్లు, మధ్యలో ఒక నీలం చేప. టీవీ పక్కన పెడితే ఇంటికి రౌనక్ వచ్చిందని అమ్మీ కూడా ఖుష్. మా శృంగవరపుకోట లాంటి చిన్న ఊళ్లకూ వచ్చేసిన షౌక్ ఇది. నా రాయ్ మాత్రం సాఫ్‌గా చెప్తాను. ఆ గిన్నె తోఫా కాదు, ఖైదు.

"ఎలాంటి నీళ్లలోనైనా బతికేస్తుంది భాయ్, ఏం పరేషానీ లేదు" అంటారు అమ్మేవాళ్లు. ఇందులో సగం సచ్ ఉంది. ఈ చేపకు మొప్పలతో పాటు తలలో ఇంకో అవయవం ఉంటుంది. పైకొచ్చి గాలి గుటక వేసి దాంతో కూడా ఊపిరి తీసుకుంటుంది. మన కొరమీను కూడా ఇలాగే గాలి పీల్చగలదు. అందుకే బజార్లో తట్టలో కాసిని నీళ్లున్నా కొనేవాళ్లు వచ్చేదాకా ప్రాణంతో ఉంటుంది. అంతమాత్రాన తట్టలో కొరమీను సుఖంగా ఉందని ఎవరూ అనరు కదా! తట్టుకునే తాకత్ అల్లా ఇచ్చాడని ఆ తాకత్‌నే దానికి సజా చేయడం ఎక్కడి ఇన్సాఫ్?

దీని అసలు వతన్ థాయిలాండ్. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. వరి మళ్లు, కాలువలు, చిత్తడి నేలలు దీని ఇళ్లు. "మడిలో కూడా జానెడు నీళ్లే కదా" అని సవాల్ చేసేవాళ్లున్నారు. లోతు జానెడే. కానీ మడి ఎంత వెడల్పుంటుందో ఎస్.కోట చుట్టుపక్కల పొలాలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? దాక్కోవడానికి దుబ్బులున్నాయి, తినడానికి పురుగులున్నాయి. రెండు మగ చేపలు ఎదురుపడి లడాయి అయితే ఓడింది పారిపోయే దారి ఉంది. గిన్నెలో పారిపోయే దారి లేదు. దాని మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియా ఆ గుక్కెడు నీళ్లలోనే పేరుకుని మొప్పల్ని కాల్చేస్తుంది. చలికాలం రాత్రి గదితో పాటే ఆ నీళ్లూ చల్లబడతాయి. దానికి కావాల్సింది 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం.

చేపకు జుబాన్ లేదు, సరే. దాని ఒళ్లే దాని జుబాన్. రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉందంటే అది "ఆరామ్" కాదు. గాజు వెంబడి పైకీ కిందకీ అదేపనిగా ఈదుతుంటే నాచడం కాదు, బయటికి దారి వెతుక్కోవడం. రంగు వెలిసిపోవడం, మేత ముట్టకపోవడం, తన తోకను తానే కొరుక్కోవడం, ఇవన్నీ తక్లీఫ్ గుర్తులే. అద్దం చూపిస్తే మొప్పలు విప్పి గుస్సా అవుతుంది కదా, పిల్లలకు అదో తమాషా. ఒక నిమిషం ఫరవాలేదు. రోజంతా అద్దం పక్కనే పెడితే మాత్రం, ఎప్పటికీ పోని దుష్మన్‌తో దాన్ని లడాయికి దింపినట్టే. మనకు టెన్షన్‌లో ఊరే కార్టిసాల్ హార్మోనే చేపల్లోనూ ఊరుతుంది.

మాంటిస్ ష్రింప్ అని సముద్రంలో ఒక జీవి ఉంది. ఫోన్లో దాని వీడియోలు చూసి మన పిల్లలు వహ్వా అంటుంటారు. దాని దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగం దాకా వెళ్తుందని 2004లో శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. దూరి కూర్చోవడానికి బొరియ లేకపోతే దానికి చైన్ ఉండదు. దాన్ని పెంచేవాళ్లకు గాజు పగులుతుందేమోననే డర్ ఉంటుంది కాబట్టి దాని మిజాజ్ తెలుసుకుని మసలుకుంటారు. ఫైటర్ పేరులోనే ఫైట్ ఉంది గానీ గాజును ఏమీ చేయలేదు. మనల్ని డరాయించలేని జాన్వర్ సంగతి మనం పట్టించుకోం. నాకు బాధ కలిగేది ఇక్కడే.

కానూన్ కూడా దీని గురించి మాట్లాడింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. అది సరిగ్గా కదలడానికి చాలనంత చిన్న బోనులో గానీ పాత్రలో గానీ బంధించడం జుర్మ్. ఇక దీన్ సంగతి అంటారా, పిల్లిని బంధించిన ఔరత్ హదీసు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆమె దానికి తిండి పెట్టలేదు, వెళ్లి తన తిండి తాను వెతుక్కోనివ్వనూ లేదు. మనం మేత వేస్తున్నాం కాబట్టి బరీ అయిపోయాం అనుకుంటే, ఆ బంధించడం అనే మాట మర్చిపోయినట్టే.

ఇప్పటికే ఇంట్లో చేప ఉంటే ఏం చేయాలి? ఇరవై లీటర్లకు తగ్గని తొట్టి పెట్టండి, పైన మూత ఉంచండి. నీటి మొక్కలు వేయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రాత్రి వెడల్పు పాత్రలో ఉంచి వాడండి. నీళ్లన్నీ ఒకేసారి పారబోయకుండా వారం వారం కొంత భాగం మార్చండి. మేత చిటికెడే, మిగిలితే తీసేయండి. తరస్ ఖాకర్ తాటిపూడిలోనో ఊరి చెరువులోనో మాత్రం వదలొద్దు. ఇది ఇక్కడి చేప కాదు. అది అక్కడ బతక్కపోవచ్చు, బతికితే దాని రోగాలు మన చేపలకు అంటవచ్చు.

ఇంత జిమ్మేదారీ మా వల్ల కాదంటారా, అందులో షరమ్ ఏమీ లేదు. కొనకపోవడమే రహమ్. వచ్చే ఈద్‌కి పిల్లల్ని ఓ పూట తాటిపూడి తీసుకెళ్లి గోస్తనీ నీళ్ల దగ్గర కూర్చోబెట్టండి. నీళ్లలో చేప ఎగిరి పడటం చూడనివ్వండి. ఈదీ పైసలు వాళ్ల జేబులోనే ఉంటాయి, చేప దాని ఇంట్లోనే ఉంటుంది.