పెద్ద అంకెకు లోబడవలదు

మా చిన్నవాని రేడియో కారునకు బ్రష్‌లెస్ మోటారు కొనవలసి వచ్చినపుడు, పెద్ద అంకెయే పెద్ద బలమని తలచి 5000 కేవీ గలదానిని కొంటిమి. ఇసుకలో కొంతసేపు నడచునంతలో అది చేయి పెట్టరానంత కాగి చెడెను. నెలంతయు మిగిల్చిన సొమ్ము వ్యర్థమయ్యెను.

పిదప విచారించి తెలిసికొంటిమి. కేవీ యనగా బలము కాదు. బరువు లేనపుడు వోల్టు ఒక్కింటికి నిమిషమునకు తిరుగు చుట్ల లెక్క. 7.4 వోల్టుల బ్యాటరీతో 3300 కేవీ మోటారు సుమారు 24,420 చుట్లు తిరుగును. అదే బ్యాటరీ, అవే పళ్లచక్రములు ఉండగా కేవీ హెచ్చినచో కరెంటును, వేడియు హెచ్చును. సెన్సారు గలది మెల్లగా, నిలకడగా కదలును. లేనిది చౌక, కాని బయలుదేరునపుడు తడబడవచ్చును.

ఈ మారు 3300 కేవీ దానినే తెచ్చితిమి. కావున అంకె నడుగుటకు ముందు కారు బరువెంతయో, నడచు నేల యెట్టిదో పిల్లల నడుగుడు.