నాలుగడుగుల గొలుసు

మా వీధి చివరింట్లో రాకీ అనే లాబ్రడార్ ఉంది. నాలుగేళ్లది. సోమవారం తెల్లవారుజామున అది పాలప్యాకెట్లు వేసే కుర్రాడి పిక్క పట్టుకుంది. రెండు పళ్లు దిగాయి. ఆ కుర్రాడు ఇంటర్ చదువుతూ పొద్దున్నే రెండు గంటలు ఈ పని చేసుకుంటాడు. ఇంటావిడ కంగారుగా వంటింట్లోంచి పసుపు తెచ్చి గాయం మీద అద్దింది. ఇంటాయన ఐదు వందల నోటు చేతిలో పెట్టి పంపేశాడు. సాయంత్రానికి తీర్మానం కూడా అయిపోయింది. "దీనికి తిక్క పుట్టిందండీ. ఆదివారం ఆటో మాట్లాడి ఔటర్ రింగ్ రోడ్డు దాటించి వదిలేయిస్తా" అన్నాడు నాతో.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఈ వారం రాద్దామనుకున్నది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ కుర్రాడి సంగతి. కుక్క కరిచిన చోట పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. కుళాయి కింద పట్టి సబ్బుతో పావుగంట కడగాలి. గాయంలో చేరిన రేబిస్ వైరస్‌ను నరాల్లోకి పోకముందే చాలామటుకు వదిలించేది ఆ పావుగంటే. తర్వాత ఆలస్యం లేకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి టీకా సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజుల్లో మిగతావి వేస్తారు. గాయం తీవ్రతను బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు ఉండదు. అందుకే తెల్లారాక విషయం తెలియగానే కుర్రాణ్ని బండి మీద ఎక్కించుకెళ్లి మొదటి సూది వేయించాను.

ఇంటాయన్ని కుక్క టీకా పుస్తకం అడిగాను. బీరువా అంతా వెతికి తెచ్చారు. చివరి ముద్ర రెండేళ్ల కిందటిది. ఏటా వేయించాల్సిన టీకా అది. ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినోత్సవం నాడు పశుసంవర్ధక శాఖ శిబిరాలు పెట్టి ఉచితంగా వేస్తుంది. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. అది జరిగి నూట నలభై ఏళ్లు దాటింది. ఇంకా మన బీరువాల్లో టీకా పుస్తకాలు దుమ్ము పట్టి ఉంటున్నాయి.

ఇంకొకటి. కరిచిన కుక్కను పది రోజులు కళ్లెదుట ఉంచుకోవాలని వైద్యులు చెబుతారు. పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని తేలుతుంది. ఆదివారానికి ఆరు రోజులే అవుతాయి. ఆటో ఎక్కించేది కుక్కనే కాదు, ఆ కుర్రాడి తల్లికి దొరకాల్సిన నిబ్బరాన్ని కూడా. ఇది ఆయనకు చెబితే తల దించుకున్నాడు గానీ, ఆటో మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇక అసలు విషయం. రాకీని కట్టేసే చోటు చూశాను. గేటు పక్కన, మెట్ల కింద. ఇనుప గొలుసు, నాలుగడుగులు. గొలుసు అందినంత మేర సిమెంటు గచ్చు అర్ధచంద్రాకారంలో అరిగి నున్నబడింది. నాలుగేళ్లుగా పగలంతా అది నడిచిన నేల అంతే. మెడ చుట్టూ బొటనవేలంత వెడల్పున బొచ్చు లేదు. చర్మం నల్లబడి గరుకెక్కింది. స్టీలు గిన్నెలో నీళ్లకు వేలు తగిలిస్తే చురుక్కుమంది. గిన్నె అడుగున పాచి.

"ఎప్పుడు విప్పుతారండీ?" అనడిగాను.

"రాత్రి పదకొండు దాటాక, కాంపౌండు లోపల. పగలు కట్టేస్తేనే కదండీ, రాత్రి కాపలాకి పదునుగా ఉంటుంది."

ఈ నమ్మకం ఈయనొక్కడిదే కాదు. నాకు తెలిసిన ఇళ్లలో సగం ఈ మాటే చెబుతాయి. కానీ భయపడ్డ కుక్కకు ఉన్నవి రెండే దారులు. తప్పుకోవడం, తిరగబడడం. గొలుసు వేసి మొదటి దారి మనమే మూసేస్తున్నాం. రోజూ పొద్దున్నే ఎవరో కొత్తవాడు గేటు దాకా వస్తాడు. కుక్క అరుస్తుంది. ప్యాకెట్టు పెట్టి వాడు వెళ్లిపోతాడు. తన అరుపుకే వెళ్లిపోయాడని కుక్క నేర్చుకుంటుంది. నాలుగేళ్లు అదే పాఠం. సోమవారం నాడు గేటుకు కట్టిన సంచి తెగి కింద పడితే, లోపల పెడదామని కుర్రాడు ఆ నాలుగడుగుల మేరలోకి కాలు పెట్టాడు. దానికి తప్పుకునే చోటు లేదు.

లాబ్రడార్ అంటే న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వలలు లాగుతూ, జారిపోయిన చేపల్ని ఈది పట్టి తెచ్చిన కుక్కల సంతతి. చూపులేని వారికి దారి చూపే పనికి ప్రపంచమంతా ఎక్కువగా ఎంచుకునే జాతి. మనిషితో కలిసి పనిచేయడమే దాని పుట్టుక. అలాంటిదాన్ని మెట్ల కింద కూర్చోబెట్టి తిక్క పుట్టిందంటే, ఆ తిక్క ఎవరు పుట్టించినట్టు?

మన చట్టానికి ఇది ఎప్పుడో తెలుసు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను చదవండి. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో అకారణంగా ఎక్కువ సేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం నేరం. దిక్కులేకుండా వదిలేయడమూ నేరమే. మరి శిక్ష? మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. ఇవాళ ఆ యాభైతో లీటరు పాలు కూడా రావడం కష్టం. అరవై ఏళ్లకు పైగా ఈ అంకె అలాగే ఉంది. కుక్కల మీద ఇన్ని చర్చలు చేసే పెద్దలు ఈ ఒక్క అంకె మార్చలేకపోవడం నాకు అస్సలు మింగుడు పడదు.

కుక్కను పెంచడమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే మొట్టమొదట నడక అంటాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మలమూత్రాల కోసమే కాదు. వాసనలు చూడాలి, మనుషుల్ని చూడాలి, బండ్ల చప్పుడుకు అలవాటు పడాలి. మనం పేపరు చదివినట్టు అది వీధిని ముక్కుతో చదువుతుంది. ఎండాకాలం ఎండెక్కక ముందే తిప్పి తేవాలి. అరచెయ్యి వెనక వైపు తారు రోడ్డు మీద ఆనించి చూడండి. ఐదు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మనలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చడమే దానికున్న పెద్ద ఆసరా. అందుకే నీడ, చల్లటి నీళ్లు దానికి ప్రాణంతో సమానం.

తిండి విషయంలో మనది చాలా అమాయకత్వం. పెరుగన్నం పెడితే చాలనుకుంటాం. అన్నం తప్పు కాదు. అన్నమొక్కటే అయితే తప్పు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన గుడ్డో, కోడిమాంసమో తోడవ్వాలి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు అస్సలు పెట్టకూడదు. ఉల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. చాక్లెట్ విషం. బిరియానీ తిన్నాక ప్లేటులో మిగిలిన ఎముకలు ప్రేమగా వేస్తాం. ఉడికిన ఎముక సూదిలా చీలి పేగుల్లో దిగుతుంది.

గోమార్ల సంగతీ చెప్పాలి. మా ఊళ్లో పిడుదులంటారు. చెవి మడత లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లతో వెతకాలి. అవి రక్తం తాగడంతో ఊరుకోవు. ఎర్లికియా, బబీసియా లాంటి జబ్బులు అంటిస్తాయి. కుక్క తిండి మానేసి మూల కూర్చుంటే పై పెదవి ఎత్తి చిగురు చూడండి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, చిగురే పాలిపోయి ఉన్నా, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రాకీ చిగురు నేను చూశాను. బాగానే ఉంది. చెవిలో మాత్రం పదకొండు పిడుదులు తీశాను. తీస్తున్నంత సేపూ అది నా మోకాలి మీద గడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అప్పటికి మనిషిని కరిచి ముప్పై గంటలు కూడా కాలేదు.

ఇవన్నీ నాకు పుట్టుకతో తెలిసినవి కావు. పదిహేనేళ్ల కిందట ఒక పిల్లను కొన్నాను. అమ్మినవాడు నలభై ఐదు రోజులదన్నాడు. దానికి నెల కూడా నిండలేదని డాక్టరు పళ్లు చూసి చెప్పాడు. మూడో రోజు వాంతులు, నాలుగో రోజు రక్తవిరేచనాలు. పార్వో. సెలైన్ ఎక్కిస్తూ రాత్రంతా ఒళ్లో పెట్టుకున్నాను. ఆరో రోజు పోయింది. తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల అది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి పార్వో, డిస్టెంపర్ టీకాలు పడాలి. మూడో నెలలో రేబిస్ టీకా. నట్టల మందు మొదట్లో పదిహేను రోజులకోసారి, పెద్దయ్యాక మూడు నెలలకోసారి. ఇదంతా ఒక చిన్న కాగితం మీద పట్టే జ్ఞానం. అమ్మేవాడు ఆ కాగితం ఇవ్వడు. కొనేవాడు అడగడు.

కొనేవాడు అడిగేది జాతి పేరు. సైబీరియా మంచులో బండి లాగే హస్కీని తెచ్చి మే నెల హైదరాబాద్‌లో ఏసీ గదిలో పెడతారు. 2003లో ఒక ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక ఇంటింటా పగ్ వెలిసింది. ముక్కు అణిగిపోయి ఊపిరి తీయడానికే తంటాలు పడే జాతి అది. మన కొల్లేటి దగ్గర బాతుల మందల్ని కాసిన జోనంగి పేరు ఎంతమందికి తెలుసు? పొట్టి వెంట్రుకల ఒంటితో ఈ ఉక్కకు తట్టుకునే కుక్క. అది కనుమరుగవుతుంటే మనం విదేశీ కుక్కల ఫొటోలు చూసి మురిసిపోతున్నాం.

2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆ పదకొండు రోజులూ టీవీల్లో కుక్కప్రేమికులు, కుక్కద్వేషులు అరుచుకున్నారు. ఔటర్ దాటించి వదిలేసే ఇంటాయన ఆ చర్చలో ఎక్కడా కనబడలేదు. మెడ మీద బెల్టు మచ్చ ఉన్న కుక్క చెత్తకుండీ దగ్గర బిత్తరచూపులు చూస్తూ నిలబడడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వీధిలో కుక్క పుట్టుకొస్తోందని మున్సిపాలిటీని తిట్టే ముందు, వీధిలోకి మనం తోస్తున్నదాన్ని లెక్కపెట్టాలి.

బుధవారం ఇంటాయన్ని అడిగి రాకీని నేనే తిప్పడానికి తీసుకెళ్లాను. మూతికి మజిల్ తొడిగి, మెడ పుండు మీద పడకుండా ఛాతీకి వేసే పట్టీ వేశాను. గేటు తీశాను. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి గొలుసు లాగుతుందేమోనని చూసింది. చేతిలో తాడు పదడుగులుంది. పిలిచాను, బతిమాలాను. కదలడానికి చాలా సేపు పట్టింది.

కదిలాక నాకు ఇంకో కోపం వచ్చింది. నడవడానికి చోటేది? మా వీధిలో ఫుట్‌పాత్ అనేది కాగితం మీద ఉంది. నేల మీద ట్రాన్స్‌ఫార్మర్, టిఫిన్ బండి, మూడు కార్లు, ఇంటి వాళ్లు తోసుకొచ్చిన ర్యాంపు. కుక్కనే కాదు, మా అమ్మను చెయ్యి పట్టుకుని గుడి దాకా నడిపించాలన్నా బండ్ల మధ్యకు దిగాల్సిందే. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో కుక్కల కోసమని ఎకరానికి పైగా పార్కు కట్టారు. మంచిదే. మా వీధి నుంచి అక్కడికి వెళ్లాలంటే కారు కావాలి. మనిషి నడవలేని ఊళ్లో కుక్క నడవదు. కుక్క నడవని ఇంట్లో గొలుసు అరుగుతుంది. బిడ్డల్ని ఆడుకోవడానికి బయటికి పంపలేక ఫోను చేతికిస్తున్న తల్లుల బాధా ఇదే. ఫుట్‌పాత్ లేని రోడ్డుకు బిల్లు ఎలా పాస్ చేస్తారని మన కార్పొరేటర్లను ప్రతి ఎన్నికలో నిలదీయాలి.

నన్నయ భారతంలో మొదట్లోనే ఒక కుక్కపిల్ల వస్తుంది. పేరు సారమేయుడు. ఏ తప్పూ చేయని దాన్ని జనమేజయ మహారాజు తమ్ముళ్లు కొడతారు. దాని తల్లి సరమ రాజు దగ్గరికే వెళ్లి నిలదీస్తుంది. రాజు దగ్గర జవాబు ఉండదు. ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క కథ అందరికీ తెలుసు. అంత పెద్ద భారతానికి అటూ ఇటూ కుక్కను నిలబెట్టిన జాతి మనది.

ఆదివారం ఆ ఇంట్లో ఆటో వస్తుందో రాదో నేను చెప్పలేను. అప్పటి దాకా రోజూ ఉదయం ఆరింటికి వెళ్లి తిప్పుతాను. ఆటో వస్తే రాకీ మా ఇంటికి వస్తుందని ఆయనకు చెప్పేశాను. నిన్న పొద్దున అది గేటు దాటి పదిహేను అడుగులు ఆగకుండా నడిచింది. ఆ నాలుగడుగుల గొలుసును మాత్రం ఆయన దగ్గర అడిగి తీసుకుని పాత ఇనుముకు వేసేశాను.