గుండ్రమైతే గండమే!

ఎర్ర రక్తకణం చిల్లు పడని గారెలా ఉంటుంది, నడుమ నొక్కుతో. ఆ ఆకారమే దానికి శ్రీరామరక్ష. తనకన్నా సన్నని నాళాల్లోంచీ వంగి, సాగి, దూరిపోతూ దాదాపు 120 రోజులు బతికేస్తుంది. ఆ సాగే గుణాన్నిచ్చేది పైపొర కింద అల్లుకున్న స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్ వల. దాన్ని పొరకు కట్టి ఉంచేది యాంకిరిన్ అనే మరో ప్రొటీన్. యాంకిరిన్ తయారీకి ఆధారం 8వ క్రోమోజోమ్ మీదుండే ‘ఏఎన్‌కే1’ జన్యువు.

ఈ జన్యువులో లోపముంటే కట్టు వదులవుతుంది. పైపొర కొంచెం కొంచెంగా ఊడిపోయి కణం గోళీలా తయారవుతుంది. ప్లీహంలోని సన్నని సందుల్లో దూరలేక అక్కడే చిక్కుకుని నాశనమవుతుంది. ఫలితం... రక్తహీనత, కామెర్లు, పిత్తాశయంలో రాళ్లు. ఇదే ‘హెరిడిటరీ స్ఫిరోసైటోసిస్’.

పిల్లల కళ్లు పచ్చబడగానే కాలేయం చెడిందంటూ పసరు మందుకు పరుగెత్తేవాళ్లెందరో. తప్పు కాలేయానిది కాకపోవచ్చు. కామెర్లు తిరగబెడుతూ బిడ్డ పాలిపోతుంటే రక్తపరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులోనే పిత్తాశయంలో రాళ్లు వచ్చినా, ప్లీహం తీసేసినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఈ జబ్బున్నా బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా సగానికి సగం. తీవ్రత ఎక్కువైతే ప్లీహాన్ని తీసేస్తారు. అయితే ఇన్‌ఫెక్షన్లను అడ్డుకోవడంలో దానిదీ పెద్ద పాత్రే. అందుకే ముందు టీకాలు వేయించి, వీలైతే ఆరేళ్లు దాటాకే ఆపరేషన్.