మేకు మొన మీద ఒక్క దెబ్బ

ఇంట్లో సొంతంగా అల్మారా చేసుకుందామని సరదాపడేవాళ్లు ముందు కొనేది డ్రిల్లింగ్ మెషీన్. నన్నడిగితే ముందు కొనాల్సింది సానరాయి. వేళ్లు తెగేది ఎక్కువగా మొండి ఉలితోనే. చెక్కలోకి దిగదు గనక మనం బలమంతా పెడతాం, అది కాస్తా జారుతుంది. అంచును 25 నుంచి 30 డిగ్రీల వాలులో సానపట్టి, బొటనవేలి గోటిమీద మెల్లగా ఆనించండి. జారకుండా పట్టుకుంటే పదునెక్కినట్టే. మేకు సంగతి మరీ తమాషా. పలక చివర మేకులు కొట్టబోయి మూడు టేకు ముక్కలు నిలువునా చీల్చాక, మా వీధి వడ్రంగి మేస్త్రి నా చేతిలోంచి మేకు తీసుకున్నాడు. దాన్ని తలకిందులుగా ఇనప దిమ్మె మీద నిలబెట్టి, మొన మీద సుత్తితో ఒక్కటిచ్చాడు. "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు. చీలలేదు! వాడి మొన చెక్క నారను గొడ్డలిలా పక్కలకు నెడుతుంది. మొద్దు మొన నలగ్గొట్టుకుంటూ దిగుతుంది. స్క్రూ బిగుసుకుంటే చాలామంది సబ్బు రాస్తారు. సబ్బు తేమ పీల్చి తుప్పు తెస్తుంది, కొవ్వొత్తి మైనం మేలు. మూల సరిగ్గా కుదిరిందా అంటే ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తుపెట్టండి, ఐమూల 5 అడుగులు రావాలి. ఇక రంపప్పొట్టు ఫెవికాల్‌లో కలిపి సందులు పూడ్చే చిట్కా అందరికీ తెలిసిందే గానీ, ఎండాక దానికి రంగు పట్టదు. ఎదురుగా కనబడే చోట మాత్రం వాడకండి.