రిపోర్టులో అంకె సరే... దాని నేలమట్టం సంగతేంటి?

ఇంట్లో పెద్దవాళ్లు రెండు రోజులుగా నీరసంగా ఉన్నా, మాట తడబడినా, బీపీ మాత్ర మార్చినా డాక్టర్లు తరచూ రాసే పరీక్ష సీరమ్ ఎలక్ట్రోలైట్స్. సోడియం 135-145, పొటాషియం 3.5-5 మధ్య ఉంటే కుటుంబమంతా ఊపిరి పీల్చుకుంటుంది. లేదంటే పాకాల నుంచి తిరుపతికో, వేలూరుకో కారు మాట్లాడుకుంటుంది. ఇంత కదిలించే ఆ అంకె ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడగాలన్నదే నా అభిప్రాయం.

అంకె ఎలా పుడుతుంది?

చాలా ల్యాబ్‌లలో ఈ పరీక్ష చేసేది అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్లున్న యంత్రం. సోడియానికి ఒకటి, పొటాషియానికి ఒకటి, క్లోరైడ్‌కు ఒకటి ఉంటాయి. ఒక్కొక్కటీ తనకు చెందిన లవణాన్ని బట్టి చిన్న వోల్టేజిని పుట్టిస్తుంది. అయితే వోల్టేజిని ఒంటరిగా కొలవలేం. రెండో బిందువు కావాలి. పాకాల జంక్షన్ కావొచ్చు, కాట్పాడి కావొచ్చు, రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉండటం చూసే ఉంటారు. సముద్రమట్టం స్థిరమని ఒప్పుకుంటేనే ఆ ఎత్తుకు అర్థం. యంత్రంలో ఆ సముద్రమట్టమే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. వెండి తీగకు సిల్వర్ క్లోరైడ్ పూత, చుట్టూ పొటాషియం క్లోరైడ్ ద్రావణం. చూడటానికి ఇంతే. మిగతా ఎలక్ట్రోడ్లన్నీ దీనితో పోల్చుకునే లెక్క చెబుతాయి.

మూడు మిల్లీవోల్ట్‌లతో మారే వైద్యం

శరీర ఉష్ణోగ్రత దగ్గర సోడియం పది రెట్లు మారితే వచ్చే వోల్టేజి తేడా సుమారు 61 మిల్లీవోల్ట్‌లు మాత్రమే. అంటే రిఫరెన్స్ ఒక్క మిల్లీవోల్ట్ జరిగితే ఫలితం దాదాపు 4 శాతం జరుగుతుంది. మూడు మిల్లీవోల్ట్‌లు జరిగితే? 140 ఉన్న సోడియం 125గా కనిపించవచ్చు. అదే తేడాకు పొటాషియం 4 నుంచి 3.6 దగ్గరికి వస్తుంది, అది ఎవరి కంటా పడదు. కానీ సోడియం 125 అని చూస్తే పెద్దాయన్ని ఆసుపత్రిలో చేర్చేస్తారు. లేని లోటుకు సెలైన్ ఎక్కిస్తారు. మంచిగా పనిచేస్తున్న బీపీ మాత్రను ఆపేస్తారు.

దీన్ని పసిగట్టే ఒక గుర్తు రిపోర్టులోనే ఉంటుంది. నిజంగా సోడియం తగ్గినప్పుడు సాధారణంగా క్లోరైడ్ కూడా తగ్గుతుంది. రిఫరెన్స్ తప్పితే మాత్రం సోడియం, పొటాషియం ఒకవైపు, క్లోరైడ్ మరోవైపు జరుగుతాయి. సోడియం 125, క్లోరైడ్ 114 అని వస్తే రోగికంటే ముందు యంత్రాన్ని అనుమానించాలి.

ఎందుకు పాడవుతుంది?

ఈ ఎలక్ట్రోడ్ పనిచేయాలంటే లోపలి ద్రావణం నమూనాను తాకుతూ ఉండాలి. అందుకే అది ఎంతో కొంత బయటికి ఊరుతూనే ఉంటుంది. మట్టం తగ్గినా, గాలి బుడగ చేరినా, రక్తంలోని ప్రోటీన్ పొరలా పేరుకున్నా అంకె నిలకడ తప్పుతుంది. కరెంటు పోయి యంత్రం గంటలకొద్దీ ఆగితే లోపల ఎండి ఉప్పు గడ్డకడుతుంది. అందుకే దీన్ని రాత్రి కూడా ఆపకూడదు, ఇన్వర్టర్ ఉండాలి.

విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. రోజూ ప్రోటీన్ తొలగించే ద్రావణంతో కడగడం, ద్రావణం మట్టం చూడటం, క్యాలిబ్రేషన్ చేయడం, విలువ ముందే తెలిసిన కంట్రోల్ నమూనాలు కనీసం రెండు స్థాయిల్లో నడపడం, గడువు తీరిన ఎలక్ట్రోడ్‌ను మార్చడం. ఎంపిక దగ్గర ఒక్కటే సూత్రం: యంత్రం తయారీదారు చెప్పిన ఎలక్ట్రోడ్, చెప్పిన గాఢతలో ద్రావణం. ధర తక్కువని ఏదో ఒకటి పోస్తే మిగిలే డబ్బు ల్యాబ్‌ది, నష్టం రోగిది. నీటిని పరీక్షించే ల్యాబ్‌లకు ఇంకో మాట. నీటిలో పొటాషియం, క్లోరైడ్ కొలిచేటప్పుడు ఎలక్ట్రోడ్ నుంచి ఊరే ద్రావణమే లెక్కను పాడుచేస్తుంది. అక్కడ రెండు గదులున్న రిఫరెన్స్ ఎంచుకోవాలి.

ఊరి ల్యాబ్‌ను వదులుకోవాలా?

వద్దు. పెద్ద నగరానికి పంపితే చాలనుకోవడం పొరపాటు. సీరమ్ వేరు చేయకుండా రక్తాన్ని గంటలకొద్దీ బస్సులో పంపినా, అలాగే ఫ్రిజ్‌లో పెట్టినా కణాల్లోని పొటాషియం బయటికొచ్చి రిపోర్టులో ఎక్కువ చూపిస్తుంది. అత్యవసరంలో దగ్గరి ల్యాబే ప్రాణాధారం. దాన్ని బాగు చేసుకోవాలి.

యంత్రం కొనేటప్పుడు ఉన్న శ్రద్ధ దాన్ని పోషించడంలో ఉండటం లేదు. ఇది ప్రభుత్వ, ప్రైవేటు రంగాలు రెంటికీ వర్తిస్తుంది. ఎలక్ట్రోడ్లు, కంట్రోళ్ల ఖర్చును యంత్రం ధరలో భాగంగానే లెక్కేయాలి. మనకు దగ్గర్లోని వేలూరు సీఎంసీ ఎన్నో ఏళ్లుగా ల్యాబ్‌లకు బయటి నాణ్యతా పరీక్ష నడుపుతోంది. వాళ్లు పంపిన నమూనాను ల్యాబ్ పరీక్షిస్తుంది, మిగతా ల్యాబ్‌ల ఫలితాలతో పోల్చి తన స్థానం తెలుసుకుంటుంది. రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది. రెన్యువల్‌కు ఇలాంటి పరీక్షలో పాల్గొనడాన్ని షరతు చేయాలి. చిన్న ల్యాబ్‌లకు ఖర్చు భారమన్న మాట నిజమే. అందుకే తొలి ఏడాదుల రుసుమును ప్రభుత్వం భరించడం న్యాయం.

మీరు అడగాల్సినవి

* ఈరోజు కంట్రోల్ నడిపారా? రిజిస్టర్ ఉందా?
* ఎలక్ట్రోడ్ ఎప్పుడు మార్చారు?
* బయటి నాణ్యతా పరీక్షలో ఉన్నారా?
* నమూనాలో ఎర్రకణాలు చిట్లాయా? చిట్లితే రిపోర్టులో రాశారా?

గొడవ పడినట్టు కాదు, పెరుగు తాజాదేనా అని అడిగినంత మామూలుగా అడగండి. మంచి టెక్నీషియన్ నొచ్చుకోడు, రిజిస్టర్ చూపిస్తాడు.

ఒక హెచ్చరిక. అంకె తప్పేమోనని ఇంట్లో కూర్చోవద్దు. పొటాషియం 6 దాటినా, సోడియం బాగా తగ్గినా, మత్తు, ఫిట్స్, గుండెదడ వంటివి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ఈసీజీ తీస్తారు, కొత్త నమూనాతో పరీక్ష మళ్లీ చేస్తారు. రిపోర్టు చూసి మీ అంతట మీరే మాత్ర ఆపడం, ఉప్పు పెంచడం మాత్రం చేయకండి.