ఐలమ్మకు పూలదండ, కౌలుదారుకు మొండిచెయ్యి

సెప్టెంబరు వస్తే మన జిల్లాల్లో చాకలి ఐలమ్మ విగ్రహాలకు రంగులు వేస్తారు. 10న వర్ధంతి, 26న జయంతి. అన్ని జెండాల నాయకులూ వస్తారు, వీరనారి అంటారు, దండ వేసి ఫొటో దిగి పోతారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే, కాదనం. కానీ ఆ వేదికల మీద ఎవరి నోటా రాని మాట ఒకటుంది. ఐలమ్మ కౌలు రైతు.

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ, ఆ రోజుల్లో నల్గొండ జిల్లా జనగామ తాలూకా ఊరే. మల్లంపల్లి భూస్వామి దగ్గర ఆమె కౌలుకు పట్టింది 40 ఎకరాలు, సాగులోకి తెచ్చింది 4 ఎకరాలని పెద్దలు చెప్తారు. చాకలి కులంలో పుట్టిన ఆడమనిషి సొంతంగా సేద్యం చేయడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపైంది. వెట్టికి బట్టలుతకవలసిన ఇంట్లో వడ్లు కొలుచుకుంటే గడి ఎట్లా నిలుస్తుంది? పండిన పంటను కోసుకురమ్మని గూండాలను పంపాడు. భీంరెడ్డి నర్సింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి వంటి సంఘం కార్యకర్తలు కర్రలు పట్టి అడ్డం నిలబడ్డారు. పంట ఐలమ్మ ఇంటికే చేరింది. 1946 జులై 4న కడివెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తర్వాత పోరాటం ఎంత దూరం పోయిందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

పోరాడినవాళ్ల పేరు ఉంచుకుని, వాళ్లు అడిగిన భూమిని మరవడం మన దగ్గరే పుట్టిన తెలివి కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్ల చరిత్ర చూడండి. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మన బడి పిల్లలకు కూడా తెలుసు. బానిసత్వం రద్దయిన 1865లోనే ఆ జనం ఏమడిగారో ఎందరికి తెలుసు? భూమి అడిగారు. ఆ ఏడాది జనవరి 16న జనరల్ షెర్మన్ అనే సైన్యాధికారి దక్షిణాది సముద్ర తీరంలో ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వాలని ఉత్తర్వు వేశాడు. వేల కుటుంబాలు దున్నుకున్నాయి. ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే తిరిగి అప్పగించాడు. స్వేచ్ఛ వచ్చిన మనిషి అదే దొర పొలంలో పాలుకు సేద్యం చేసుకోవాల్సి వచ్చింది. విత్తనం దొర దుకాణంలోనే, పద్దు దొర పుస్తకంలోనే. నాగుకు వడ్లు తెచ్చుకున్న మన తాతలకు ఆ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ పాలు సేద్యపు ఇంట్లో 20వ బిడ్డగా పుట్టింది ఫానీ లూ హేమర్. మిసిసిపీలో ఆరేళ్ల వయసు నుంచే పత్తి ఏరింది, మన మునుగోడు, దేవరకొండ చెల్కల్లో పిల్లలు ఏరినట్టే. 1962లో ఓటరుగా పేరు రాయించుకోవడానికి పోయి వస్తే, 18 ఏళ్లు చాకిరీ చేయించుకున్న యజమాని అదే రోజు ఇల్లు ఖాళీ చేయించాడు. ఓటు హక్కు కోసం కొట్లాడింది, జైల్లో దెబ్బలు తిన్నది. ఓటు ఒక్కటే కడుపు నింపదని తెలిసి 1969లో సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టింది. మొదట కొన్నది 40 ఎకరాలే. ఆ క్షేత్రం పదేళ్లు కూడా నిలవలేదు. 1920లో అమెరికాలో నల్ల రైతులు 9 లక్షలకు పైనే. శతాబ్దం చివరికి 20 వేల లోపే మిగిలారు. అప్పు ఇవ్వాల్సిన సర్కారు ఆఫీసుల్లో తెల్ల రైతుకో తీరు, నల్ల రైతుకో తీరు. ఈ వివక్షపై రైతులే కోర్టుకు ఎక్కారు. 1999లో ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకోక తప్పలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018లో రైతుబంధు వచ్చింది. డబ్బు పాసుబుక్కుకు వచ్చింది, నాగలికి రాలేదు. కౌలుదారుకు ఇవ్వబోమని అప్పటి ప్రభుత్వం దాపరికం లేకుండానే చెప్పింది. అమెరికాలో ఉన్న పట్టాదారు ఖాతాలో పెట్టుబడి సాయం పడింది; ఆ భూమిలో యూరియా బస్తా మోసేవాడికి పడలేదు. నల్లవారి పోరాటం వేడి మీదనే, 1965లో వలస చట్టం మారి మన పిల్లలకు ఆ దేశపు తలుపు తెరుచుకుందన్న సంగతీ ఇక్కడ గుర్తు చేయాలి. రైతుబీమా 5 లక్షలూ పట్టాదారుకే. అప్పుల పాలై కౌలు రైతు ఉరి వేసుకుంటే ఆ ఇంటికి బీమా లేదు, కాగితాల్లో అతను రైతే కాదు. ధరణి వచ్చాక అనుభవదారు గడి కూడా ఎగిరిపోయింది. 2023 ఎన్నికల్లో కౌలు రైతుకు కూడా ఎకరానికి ఏటా 15 వేలన్నారు. 2025 జనవరిలో పథకం మొదలైతే 12 వేలయింది, అదీ మళ్లీ పాసుబుక్కుకే.

కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి పోతుందని పట్టాదారులు భయపడతారని మాకు తెలుసు. మా సంఘంలో పట్టాదారులూ ఉన్నారు. పాలమూరులో రెండు, మూడు ఎకరాల చెల్క పక్కవాడికి కౌలుకిచ్చి, తాను బొంబాయికో హైదరాబాద్ అడ్డాకో పోయే ఆసామి దొర కాడు, అతనూ కూలీనే. ఆ భయానికి మందు 2011 భూ అధీకృత సాగుదారుల చట్టంలోనే ఉంది. రుణ అర్హత కార్డు పంట మీద అప్పుకు, నష్ట పరిహారానికే తప్ప భూమి మీద హక్కుకు రుజువు కాదని ఆ చట్టమే చెప్తుంది. చట్టం ఉంది, కార్డు లేదు. ఆ సంగతి పట్టాదారుకు విడమరచి చెప్పాల్సిన అధికారులే భయాన్ని సాకుగా చూపించి చేతులు దులుపుకుంటున్నారు.

ఇంకొందరు దయ చూపమంటారు. దయ కూడా చూశాం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు వినోబా భావేకు ఇచ్చాడు. ఆయన ఇచ్చింది నిజం. కానీ ఆ తర్వాత భూదానంలో వచ్చిన భూములు ఎన్ని చేతులు మారి ప్లాట్లయ్యాయో హైదరాబాద్ చుట్టూ తిరిగితే తెలుస్తుంది.

26న విగ్రహం దగ్గరికి వచ్చే ప్రతి ఎమ్మెల్యే, ప్రతి మంత్రి చేతిలో మన కాగితం పెట్టాలి. గ్రామసభలో కౌలుదారులను గుర్తించి కార్డులివ్వాలి. రైతు భరోసా, రైతుబీమా సాగు చేసేవారికి వర్తించాలి. కొనుగోలు కేంద్రంలో కౌలుదారు తన పేరునే వడ్లు, పత్తి అమ్ముకోవాలి. గ్రామ శాఖలు తమ ఊరి కౌలుదారుల పేర్లు, సర్వే నంబర్లు, వేసిన పంట రాసి 20 లోపు మండల శాఖకు అందజేయాలి. పట్టాదారు తిడతాడని పేరు చెప్పడానికి జంకేవాళ్ల లెక్క విడిగా రాయండి, పేరు లేకపోయినా ఎకరాలు రాయండి.