పంచాయతీ వ్యాజ్యములు: జీతపు లా ఆఫీసరా, ఫీజు వకీలా?

గ్రామ పంచాయతీలును పురపాలక సంఘములును తమ వ్యాజ్యములకై జీతముమీద లా ఆఫీసరును పెట్టుకొనుట మేలా, వ్యాజ్యమునకింతయని ఫీజు నిచ్చి వెలుపలి వకీలును కుదుర్చుకొనుట మేలా? ఈ ప్రశ్న పట్టణవాసులదే కాని సేద్యగాండ్రది కాదని కొందరు సభ్యులు మాతో ననుచున్నారు. మేమట్లు తలంపము. మురుగుకాలువ గట్టు నొకడు కలుపుకొని మెరకచేసెనేని ఎగువవారి వరిచేలు నిలువునీటిలో కుళ్లును. పంచాయతీవారు నోటీసు నిత్తురు. అతడు కోర్టునకు పోయి స్టే తెచ్చుకొనును. ఆ స్టే తొలగులోపల రెండు మూడు సార్వాలు గడచిపోవును. ఆ నష్టము మోయువాడు చేనుగల రైతు.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరము మున్నగు పేటలను ముంచినపుడు, నీటిదారిలోని ఆక్రమణలను తీసివేయవలెనని ఎల్లవారును పలికిరి. పలుకుట సులభము. తీయుటకు ముందు ప్రతి కట్టడమునకును సర్వే నంబరు, కొలత, నోటీసు, జవాబు, ఉత్తరువు కావలయును. ప్రభుత్వ భూములకు సంబంధించిన 1905 నాటి ఆక్రమణ చట్టములోనే, 6వ సెక్షను క్రింద ఖాళీ చేయించుటకు ముందు 7వ సెక్షను నోటీసు ఇయ్యవలెనని యున్నది. ఈ మెట్టులో కాలు జారినచో ఎంత గొప్ప వకీలు వాదించియు ఫలము లేదు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. పూర్తికాలపు జీతగాడు వకీలుగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిలు నిబంధన. హిమాచల ప్రదేశ్ విద్యుత్ బోర్డు లా ఆఫీసరు విషయమున 2001లో సుప్రీముకోర్టు దీనినే స్థిరపరచెను. కోర్టులో వాదించుటయే ఉద్యోగముగా గల పబ్లిక్ ప్రాసిక్యూటర్లు మొదలగువారు వకీళ్లుగనే యుందురని 2013లో మరల చెప్పెను. కాబట్టి కచేరీలో కూర్చుండు లా ఆఫీసరు సామాన్యముగా కాగితములు సిద్ధపరచువాడే; వాదమునకు వెలుపలి వకీలు ఎట్లును కావలయును. ఆ కాగితములు సిద్ధపరచువాడు లేకుండ వకీలొక్కడే చాలునా? చాలడని మా అభిప్రాయము.

పూర్వము ఏ పోరంబోకు ఎన్ని సెంట్లో కరణమునకు నోటికి వచ్చుచుండెను. (ఆ నోరే కొన్ని సారులు భూమిని చేతులు దాటించె ననుటయు సత్యమే.) 1984లో ఆ ఉద్యోగము రద్దయ్యెను. నేడు కార్యదర్శి బదిలీపై పోవును, ఫైలు అలమరలో మిగులును. కాలము మాత్రము నిలువదు. 1963 కాలపరిమితి చట్టము ప్రకారము, ఆక్రమణపాలైన బజారును బాటను తిరిగి పొందుటకు స్థానిక సంస్థకు 30 ఏండ్ల గడువు కలదు. సంస్థయొక్క తక్కిన సొంతభూములకు 12 ఏండ్లే. ఎదుటివాడు కోర్టునకు పోవునని తోచినపుడు సివిల్ ప్రొసీజరు కోడు 148-ఏ సెక్షను క్రింద కేవియటు వేసికొనవచ్చును. అట్లు వేసిన, మనకు నోటీసు లేకుండ స్టే పుట్టుట అరుదు. దాని ఆయువు 90 దినములు. ఫీజు వకీలు తగవు ముదిరిన పిమ్మట పిలువబడువాడు. వీనిని ముందుగా జ్ఞప్తిచేయువా డెవ్వడు? తెగులు సోకిన చేనికి వెన్ను తీసిన తరువాత మందు అడుగుటకు వచ్చు రైతులను మేమెరుగుదుము.

హైకోర్టు 1954లో గుంటూరునను, 1956 మొదలు హైదరాబాదునను ఉండి, 2019 నుండి అమరావతిలో నేలపాడున నున్నది. అవనిగడ్డ నుండి ఉదయము బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చును. దూరము తగ్గినను ఫైలు తనంతట తాను నడచిపోదు గదా!

అచ్చట స్థానిక సంస్థల పక్షమున స్టాండింగు కౌన్సిళ్లను ప్రభుత్వము నియమించుచున్నది. ప్రభుత్వము మారిన ఇట్టివారును మారుట దేశమంతట చూచుచున్నదే. 1990లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము జిల్లాల ప్రభుత్వ వకీళ్లనందరను ఒక్క ఉత్తరువుతో తొలగింపగా సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. ప్రభుత్వ వకీళ్ల ఎన్నిక యోగ్యతనుబట్టి బాహాటముగ జరుగవలెనని 2016లో పంజాబు వ్యాజ్యమున తెలిపెను.

వెలుపలి వకీలు సర్పంచికి జంకక నిజము చెప్పునని కొందరందురు. కొంత నిజమే. జీతగాడు పై అధికారి ముఖము చూచి పలుకును. అయినను రాజీ మేలనియు, తప్పు పంచాయతీదే గనుక వ్యాజ్యము వలదనియు మొదటనే చెప్పుట, వాయిదాకు ఫీజు పుచ్చుకొనువానికి లాభకరము కాదు. వకీళ్లను నిందించుటకు మేమిది వ్రాయలేదు, ఏర్పాటే అట్టిది.

1981 నుండి కార్పొరేషనుగా నున్న, పది లక్షలు దాటిన జనముగల విజయవాడ తన లా విభాగమును తాను పోషించుకొనగలదు. చిన్న పంచాయతీ పోషింపలేదు. ఒంటిగా ఎరువుల లారీ దింపుకొనలేని రైతులు సంఘముగా దింపుకొనుచున్నారు. అట్లే ఎన్టీఆర్, కృష్ణా జిల్లాలలో కొన్ని మండలముల పంచాయతీలు కలిసి ఒక లా ఆఫీసరును పెట్టుకొనవలయును. జీతము ఉమ్మడి నిధినుండి యుండవలె గాని ఏ ఒక్క సర్పంచి చేతిలోను ఉండరాదు. ఆస్తుల పట్టిక, గడువులు, నోటీసులు అతని పని. వాదమునకు వకీలును వ్యాజ్యము వ్యాజ్యమునకు ఎన్నుకొని ఫీజును తీర్మానములో వ్రాయవలయును.

ఈ ఏర్పాటు వచ్చువరకు సభ్యులు ఊరకుండ నక్కరలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టము 6వ సెక్షను ప్రకారము గ్రామసభ యున్నది. వచ్చు సభలో లేచి, మన పంచాయతీకి ఎన్ని వ్యాజ్యములున్నవి, ఏ కోర్టున, వకీలెవరు, వాయిదా ఎప్పుడు, ఏ స్టే ఎన్నడు వచ్చెను అని అడిగి, జవాబును మినిట్సు పుస్తకములో వ్రాయింపుడు.